తూకమునకు పోవుచున్న విద్య

ఒక దేశము తన పనిముట్లను ఎట్లు చూచుకొనుచున్నదో గమనించినచో ఆ దేశపు రేపటి గతిని చెప్పవచ్చును. విజయదశమినాడు బాడిసెను, సుత్తిని, తక్కెడను, కలమును కడిగి పసుపుకుంకుమలు పెట్టి మ్రొక్కుట మన యిండ్లలో నేటికిని కలదు. అది గ్రుడ్డి యాచారము కాదు; అన్నము పెట్టు వస్తువును గౌరవింపవలెనని పెద్దలు నేర్పిన పాఠము. అట్టి పాఠము నేర్చిన దేశముననే నేడు కళాశాలల ప్రయోగశాలలనుండియు, ప్రభుత్వ కార్యాలయములనుండియు, మూతబడిన కర్మాగారములనుండియు విద్యుత్తును కొలుచు యంత్రములు, తరంగములను కంటికి చూపు యంత్రములు ఇనుముతోను రేకుతోను కలిసి కిలోల లెక్కను తుక్కుకొట్లకు పోవుచున్నవి. వాటిని చేతబట్టి విద్య నేర్వగోరు పల్లెటూరి యువకుడు మాత్రము ఒక్క పాత ఆసిలోస్కోపుకొరకు మూడు పట్టణములు తిరుగవలసి వచ్చుచున్నది. ఈ యవివేకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

దేశమున ఇన్ని చిక్కు లుండగా పాత మీటర్ల గొడవ యేల యని కొందరు నవ్వవచ్చును. అట్టివారిని మేము మండవల్లికి రమ్మనుచున్నాము. గుడివాడనుండి భీమవరము పోవు రైలుమార్గముపై నున్న ఈ యూరు 2022లో కృష్ణాజిల్లానుండి విడిపోయి ఏలూరుజిల్లాలో చేరినది. ఒకప్పుడు వరిచేలు, కొల్లేటి నీరు తప్ప వేరు ప్రపంచ మెరుగని యీ సీమయందు నేడు ఎటు చూచినను చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చెరువున్నచోట మోటారున్నది, మోటారున్నచోట స్టార్టరున్నది, నీటిలోనికి గాలి నెక్కించు ఏరేటర్లున్నవి, నీటిలోని ప్రాణవాయువును కొలుచు మీటర్లున్నవి. పగలు నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి అదియే ప్రాణవాయువును పీల్చుకొనును. మబ్బు పట్టిన దినము గడచి తెల్లవారుజాము వచ్చుసరికి చెరువులో ప్రాణవాయువు మిక్కిలి తగ్గిపోవును. ఆ గడియలో ఏరేటరు నిలిచిపోయినచో రైతు పంట యంతయు తెల్లవారుసరికి వెల్లకిల తేలును. మోటారు చుట్ట కాలినదా, కెపాసిటరు చెడినదా, స్టార్టరులోని రిలే పట్టుకొనుట లేదా, తీగలోనే కరెంటు రాలేదా యను సంగతి ఆ క్షణమున తేల్చగల మనిషి గ్రామముననే యుండవలెను. విజయవాడనుండి మెకానిక్కు వచ్చువరకు చేప ఆగునా?

అట్టి మనిషి ఆకాశమునుండి ఊడిపడడు. పదునాలుగేండ్ల ప్రాయమున పాత రేడియో విప్పిన బాలుడే ముప్పదియేండ్ల ప్రాయమున ఊరికి అక్కరకు వచ్చును. వినోదముగా మొదలైన పనియే విద్యయగును, విద్యయే వృత్తియగును. ఎలక్ట్రానిక్సు అభిమానియని మనము తేలికగా పిలుచు వానిని దేశమునకు రేపటి ఇంజనీరుగా మేము భావించుచున్నాము. వానికి కావలసిన దేమి? ఒక మల్టీమీటరు, ఒక ఆసిలోస్కోపు, తరంగములను పుట్టించు సిగ్నలు జెనరేటరు ఒకటి, వోల్టేజిని కోరినట్లు తిప్పుకొనదగిన పవరుసప్లై ఒకటి, మంచి సాల్డరింగు ఐరను ఒకటి, మోటారు చుట్టల ఇన్సులేషనును పరీక్షించు మెగ్గరు ఒకటి. ఇంతే. వైద్యునకు నాడి చూచు వ్రేలెట్టిదో ఈ విద్యకు కొలత యట్టిది. ఆసిలోస్కోపు లేక సర్క్యూటు నేర్చుకొనుట కండ్లకు గంతలు కట్టుకొని అద్దము దిద్దుకొనుటవంటిది.

ఈ పరికరములన్నియు క్రొత్తవిగా కొనవలెనన్నచో కూలివాని కుమారునకు, చిన్న రైతు కుమారునకు శక్యము కాదు. కావుననే వాడు పాతవాటికొరకు వెదకును. ఎక్కడ వెదకును? మండవల్లిలో లేవు, కైకలూరులో లేవు. విజయవాడ పోవును. అచ్చట దొరకనిచో హైదరాబాదునందు కోఠీ గుజరాతీగల్లీకి పోవును. ఆదివారమునాడు ఎర్రగడ్డ సంతలో నేలపై పరచిన సామానులో చేయి పెట్టి కలియబెట్టును. లేదా చెన్నపట్టణపు రిచీవీధికి పోవును. రైలుచార్జి, అన్నము, ఒక దినపు కూలి పోగొట్టుకొని, అమ్మువాడు బాగుగ పనిచేయుచున్నదని చెప్పిన మాటను నమ్మి, మూటగట్టుకొని యింటికి వచ్చి ప్లగ్గు పెట్టినంతనే పొగవచ్చును. తల్లి తిట్టును, తండ్రి "ఆ పాత ఇనుము నెత్తిన పెట్టుకొని తిరుగుటకా నిన్ను చదివించినది?" యని యీసడించును. ఇట్లు ఎందరు బాలుర యుత్సాహము మొలకయందే చచ్చినదో లెక్క కట్టినవా డెవడు?

ఇదే సమయమున మంచి పరికరములు మన కండ్లముందే నశించుచున్నవి. ఇంజనీరింగు కళాశాల యొకటి తన ప్రయోగశాలకు క్రొత్త యంత్రములు తెచ్చుకొనును. పాతవి వరండాలో కొన్నేండ్లు వానకు తడియును. పిమ్మట ఒకనాడు లారీ వచ్చి బల్లలతోను, ఫ్యానులతోను కలిపి వాటిని తూకమునకు తీసికొనిపోవును. వానిలో సగము ఒక ఫ్యూజు మార్చిన పనిచేయును; మరికొన్ని నాలుగు కెపాసిటర్లు మార్చిన పనిచేయును. ఆ కళాశాలలో చదువు విద్యార్థియే తనకొక్కటి యిమ్మని యడిగినచో నిబంధనలు ఒప్పుకొనవని చెప్పుదురు. తుక్కువానికి ఇచ్చుటకు ఒప్పుకొనిన నిబంధనలు విద్యార్థికి ఇచ్చుటకేల ఒప్పుకొనవని మే మడుగుచున్నాము.

ప్రభుత్వపు సామాను సంగతి ఇంకను విచిత్రము. లోహపు తుక్కు వ్యాపారమునకై 1964లో పుట్టిన ఎం.ఎస్.టి.సి. సంస్థద్వారా అనేక శాఖల పాతసామాను వేలమునకు వచ్చుచున్నది. కాని యెట్లు వచ్చుచున్నది? లాట్లుగా వచ్చుచున్నది. ఒక లాటులో తీగలు, బ్యాటరీలు, ఇనుపబీరువాలు, వాటినడుమ మీటర్లు. ధరావతు కట్టి, లారీ తెచ్చుకొని, లాటంతయు ఎత్తుకొనిపోగల పెద్ద వ్యాపారికే అచ్చట చోటు. ఒక్క మీటరు కావలసిన పిల్లవానికి ఆ తలుపు మూసియే యున్నది.

నిబంధనల పేరు చెప్పి చేతులు కడుగుకొనువారికి ఆ నిబంధనలనే చదివి వినిపింతము. కేంద్రప్రభుత్వపు 2017నాటి సాధారణ ఆర్థిక నియమావళి ప్రకారము, మిగులుసామాను అంచనావెల రెండులక్షల రూపాయలకు మించినప్పుడే టెండరో బహిరంగవేలమో యుండవలెను. అంతకు లోబడిన సామానును ఏ విధముగ విక్రయింపవలెనో నిర్ణయించు నధికారము ఆ కార్యాలయపు అధికారికే కలదు. అనగా పాత మీటర్లను విడివిడిగా, పట్టిక ప్రకటించి, ఒక్కొక్కటిగ అమ్ముటకు అడ్డుపడుచున్నది శాసనము కాదు, సోమరితనము. ఇరువది పరికరములకు ఇరువది రసీదులు వ్రాయుటకన్న ఒక తూకపుచీటి వ్రాయుట సులభము గదా!

ఇక 2022లో ప్రకటింపబడి 2023 ఏప్రిలు 1నుండి అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలను చూతము. ఒక సంవత్సరమున వేయి పరికరములకు తక్కువగాక వాడుచున్న సంస్థను పెద్ద వినియోగదారుగా పరిగణించి, దాని వ్యర్థములు నమోదు పొందినవారికే చేరవలెనని వానిలో నున్నది. ఈ నిబంధనల యుద్దేశమును మేము నిందింపము. పేదవాడలలో తీగలను కాల్చి రాగి తీయుట, ఆమ్లములో బోర్డులను ముంచి బంగారము తీయుట, ఆ పొగను పసిపిల్లలు పీల్చుట మేము ఎరుగుదుము, అది మానవలసినదే. 2022లో ప్రపంచమున పుట్టిన ఎలక్ట్రానిక్ చెత్త ఆరుకోట్ల యిరువదిలక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెల్పినది. అందు సరియైన పద్ధతిని సేకరింపబడినది నాల్గవవంతైనను లేదు. కాని వ్యర్థమనగా నేమి? పారవేయబడిన వస్తువే వ్యర్థము. పనిచేయుచున్న మీటరును, బాగుచేయదగిన ఆసిలోస్కోపును వ్యర్థమని ముద్రవేయుటయే మొదటి తప్పు. ఆ ముద్ర పడకముందే దానిని కోరువాని చేతికి చేర్చినచో నిబంధనకు భంగము లేదు, చెత్తకుప్పకు బరువు లేదు. కరిగించి లోహము తీయుటకన్న మరి పదియేండ్లు వాడుట మేలని చెప్పుటకు శాస్త్రజ్ఞుడు కావలెనా? చిరిగిన పంచెను కుట్టుకొని కట్టిన మన తాతలకు ఈ సంగతి తెలియదా?

చరిత్రను చూడుడు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యములు వాడి మిగిల్చిన రేడియోసామాను అనేక దేశముల బజారులకు వచ్చెను. అమెరికాలో హీత్ కంపెనీ అట్టి మిగులుసామాను కొని, 1947లో యాబది డాలర్లకు మించని వెలకు ఆసిలోస్కోపు భాగములను పెట్టెలో పెట్టి, ఎవరికివారు కూర్చుకొనునట్లు విక్రయించెను. ఎందరో యువకులు ఆ పెట్టెలతోనే విద్య నేర్చిరి. అంతకుముందు 1939లో ఇద్దరు స్నేహితులు కారు పెట్టుకొను కొట్టములో హ్యూలెట్ ప్యాకర్డు సంస్థను స్థాపించి మొదట అమ్మిన వస్తువు ఒక పరీక్షాయంత్రమే. అమ్మకమునకు వచ్చిన పాతసామానును ఆ దేశము పాఠశాలగ మార్చుకొన్నది. మనము మన పాఠశాలనే పాతసామానుగ మార్చుచున్నాము.

మన దేశమున మాత్రము ఈ విద్యకు వంశములేదా? జగదీశచంద్రవసువు కలకత్తాలో స్థానికుడైన ఒక రేకుపనివానిచేత తన యంత్రములను చేయించి సూక్ష్మ విద్యుత్తరంగములను లోకమునకు చూపెను. 1939లో యుద్ధము మొదలైనంతనే ఆంగ్లప్రభుత్వము రేడియో అభిమానుల లైసెన్సులను రద్దుచేసి వారి ప్రసారయంత్రములను అప్పగింపుమని శాసించెను. ఏల? అభిమాని చేతిలోని పరికరము ఏమి చేయగలదో మనకన్న ఆ ప్రభుత్వమునకు బాగుగ తెలియును. 1942లో బొంబాయినుండి రహస్యముగా పలికిన కాంగ్రెసు రేడియో ఆ భయము నిజమని రుజువుచేసెను. నవంబరులో పోలీసులు పట్టుకొనువరకు అది చోటు మార్చుకొనుచు మ్రోగినది. ఉషా మెహతా నాలుగేండ్ల శిక్ష ననుభవింపవలసి వచ్చెను. ఆ గొంతును ఆకాశమున కెక్కించినది రేడియో విద్య నెరిగిన కొందరి చేతిపనియే గదా!

మన సీమకు దగ్గరగ వత్తము. 1910లో బందరునందు వెలసిన ఆంధ్ర జాతీయకళాశాల పుస్తకవిద్యతోపాటు చేతిపనులను నేర్పినది. చేయి పనిచేయనిదే బుద్ధి వికసింపదని ఆ పెద్దలు నమ్మిరి. మండవల్లి మీదుగ పోవు రైలెక్కి భీమవరములో దిగినచో చేరువనే మోగల్లు గ్రామ మున్నది. ఆ గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదునందు వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనును తీర్చిదిద్దిరి. ఆ మహనీయుని పేర హైదరాబాదులో నగరభాగమే యున్నది. డెల్టాసీమ వరి పండించుటకే గాని ఎలక్ట్రానిక్సు పండించుటకు కాదనువారికి ఇంతకన్న సమాధానమేమి కావలెను?

కొందరు స్వదేశాభిమానులు మమ్ములను మరియొక రీతిగ ప్రశ్నింపవచ్చును. "మీరు కొనుమనుచున్న పాత యంత్రములు అమెరికావి, జపానువి, ఇంగ్లాండువి గదా! ఇందు స్వదేశి యేమున్నది?" అని. ఇంకొకరు, "ఈ కాలమున చైనాదేశపు డిజిటలు ఆసిలోస్కోపులు చౌకగ వచ్చుచుండగ పాతవేల?" యందురు. చౌకగ వచ్చుచున్న మాట నిజమే. కొనగలవారు కొనుట తప్పని మే మనము. వానిలో కొన్ని మంచివియు కలవు. కాని వస్తువు ఎచ్చట పుట్టినదను ప్రశ్నతోపాటు, అది ఎవరిచేతిలో తెరచుకొనును అను ప్రశ్నకూడ స్వదేశియే. నాటి ఆసిలోస్కోపులతో వచ్చిన పుస్తకములలో సర్క్యూటు పటము సంపూర్ణముగ ముద్రించి, ఒక్కొక్క భాగముపేరు, దానిని సరిదిద్దు విధానము వ్రాసి యిచ్చిరి. ఆ పుస్తకములను అభిమానులు భద్రపరచి నేటికిని లోకమునకు పంచుచున్నారు. 1923లో వెలువడిన ఆవోమీటరును చూడుడు: విద్యుత్ప్రవాహము, వోల్టేజి, నిరోధము మూడింటిని ఒక్క పెట్టెలో కొలుచుటకు బ్రిటిషు తపాలాశాఖ ఇంజనీరొకడు కల్పించినది; ఎనుబదియేండ్లకు మించి దాని తయారీ సాగినది. దానిని విప్పవచ్చును, చూడవచ్చును, సరిచేయవచ్చును. నేటి క్రొత్త యంత్రములలో అనేకములకు పటము లేదు, భాగము దొరకదు. చిప్పు చెడినచో పెట్టెయే సమాధి. మనము విప్పలేని వస్తువు మన యింట నున్నను మనది కాదు. మనము బాగుచేసికొనగల వస్తువు ఎచ్చట పుట్టినను మనచేత మరల పుట్టినదే.

బాగుచేసికొను హక్కును గూర్చి కేంద్రప్రభుత్వము 2022 జూలైలో ఒక సంఘమును నియమించెను. ఆ సంవత్సరమే డిసెంబరులో దానికొక వేదికను తెరచెను. వ్యవసాయ పనిముట్లు, మొబైలుఫోనులు తదితర ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణములు, మోటారువాహనములు అను నాలుగు రంగములను మొదట గ్రహించిరి. సంతోషమే. కాని బాగుచేయువాని చేతిలోని పరీక్షాయంత్రమునకే ఆ పట్టికలో ప్రత్యేకస్థానము లేకపోయెను. రోగికి హక్కిచ్చి వైద్యుని మరచినట్లున్నది.

యువకులకుకూడ ఒక మాట చెప్పవలసియున్నది. మోసపోయితిమని వగచుటకన్న మోసపోకుండ కొనుట నేర్వుడు. పాత ఆసిలోస్కోపును చల్లగ నున్నప్పుడు చూచి కొనకుడు, అరగంట వెలుగనిండు. గీత సన్నగ నిలుచుచున్నదా, తెరనడుమ కాలినమచ్చ యున్నదా చూడుడు. ముందుభాగమున సరిచూచుకొనుటకై చతురస్రతరంగము నిచ్చు కొన యుండును. ప్రోబును దానికి తగిలించి ప్రతి మీటను ఆ చివరనుండి ఈ చివరవరకు త్రిప్పుడు. మల్టీమీటరుతో ఒక క్రొత్త సెల్లును, విలువ తెలిసిన రెసిస్టరును కొలిచి చూడుడు. దాని ఫ్యూజుస్థానమున తీగముక్క చుట్టి యున్నచో ఆ మీటరు ప్రాణాంతకమని యెరుగుడు. పవరుసప్లైకి కారుబల్బును తగిలించి వోల్టేజి క్రుంగుచున్నదేమో కనిపెట్టుడు. మెగ్గరు కొనలు విడిగనున్నప్పుడు సూది అనంతమును, కలిపినప్పుడు సున్నను చూపవలెను. ఇంటికి తెచ్చిన పాతయంత్రమును మొదట నేరుగ కరెంటుకు తగిలింపక, వరుసలో ఒక ఫిలమెంటుబల్బును పెట్టి వెలిగింపుడు. లోపల షార్టున్నచో బల్బు వెలుగును, యంత్రము కాలదు. ఆసిలోస్కోపు గొట్టములో వేలకొలది వోల్టు లుండును. ప్లగ్గు తీసిన పిదపకూడ కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. ప్రోబు నేలక్లిప్పును ఇంటికరెంటు సర్క్యూటునకు తగిలింపకుడు. తెలిసినవాని ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుడు. తొందరపాటు ధైర్యము కాదు.

వ్యాపారులకును ఒక మాట. చెడిన వస్తువును చెడినదనియే చెప్పి అమ్ముడు. చెడినదైనను కొనువారున్నారు, బాగుచేయుటయే వారి యానందము. అబద్ధముతో అమ్మిన మీటరు ఒక్క పిల్లవాని డబ్బును మాత్రమే కాదు, వాని నమ్మకమునుకూడ తినివేయును.

ఇక మేము కోరుచున్నవి స్పష్టముగ చెప్పుచున్నాము. ప్రతి పాలిటెక్నికు, ప్రతి ఇంజనీరింగు కళాశాల, ప్రతి ప్రభుత్వశాఖ తన పాత పరీక్షాయంత్రములను తుక్కుతో కలుపక, ఒక్కొక్కదాని పేరు, స్థితి, వెల వ్రాసి పట్టిక ప్రకటింపవలెను. విద్యార్థులకు, ఉన్నతపాఠశాలలకు, మరమ్మతు పనివారికి మొదటి యవకాశ మీయవలెను. వారెవరును కోరని పిదపనే లారీని పిలువవలెను. వ్యర్థముల నిబంధనలలో చిన్న మరమ్మతుదారుకు సులభమైన నమోదు మార్గము చూపవలెను. యంత్రములు తయారుచేయువారు సర్క్యూటు పటములను ప్రకటించునట్లు శాసింపవలెను. అన్నిటికన్న ముఖ్యముగ, పుస్తకములకు గ్రంథాలయ మున్నట్లు పరికరములకు ఒక ఆలయము ప్రతి మండలమునను వెలయవలెను. ఒక గది, ఒక బల్ల, ఒక ఆసిలోస్కోపు, రెండు మీటర్లు, ఒక మెగ్గరు, సాయంకాలము రెండు గంటలు కూర్చుండు ఒక విశ్రాంత ఉద్యోగి చాలును. ఊరూర గ్రంథాలయోద్యమమును నడిపిన ఆంధ్రులకు ఇది అసాధ్యమా?

పెనుమాకలంకలో చెరువుగట్టున ఏరేటరు ఆగిననాడు రైతు ఎవని తలుపు తట్టవలెను? ఆ తలుపు వెనుక నుండవలసిన యువకుడు నేడే తయారు కావలెను. వానికి కావలసిన యంత్రము నేడు ఏదో వరండాలో తడియుచు తుక్కులారీకొరకు కాచుకొని యున్నది. ఆ రెండింటి నడుమ దూరము పది కాగితములు, ఒక సంతకము. ఆ సంతకము చేయవలసినవారు కలము తీయుదురు గాక!